పాలు తాగిన తాళంచెవి

గంటకు మూడు వందల కిలోమీటర్లు పోయే కారు ఉండవలసిన చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనకున్న దూద్‌ఖానా గల్లీ!

నవ్వకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. ఖాళీ రోడ్డు ఉన్నవాడికి వేగమైన కారు ఎందుకు? వాడు డొక్కు సైకిలెక్కినా చేరాల్సిన చోటికి చేరతాడు. పైగా ఔటర్ రింగురోడ్డు మీద రయ్యిమని దూసుకుపోతే చూసేదెవరు? ఏదో రంగు కదిలినట్టు కనబడుతుంది, అంతే. అప్పుసొప్పు చేసి కొన్న బండి రెప్పపాటులో మాయమైపోతే కొన్నవాడికి ఏం మిగిలినట్టు?

అదే దూద్‌ఖానా గల్లీలో చూడండి. రెండు వందల గజాల దూరానికి ఇరవై నిమిషాలు! ప్రతి అరుగు మీది మనిషీ తీరిగ్గా చూస్తాడు. బానెట్ మీద చెయ్యి వేసి తడుముతాడు. పక్క అద్దంలో మీసం సరిచేసుకుంటాడు. "ఎంతకు కొన్నవన్నా?" అని అడిగి, జవాబు విని, ఇంట్లో వాళ్లను పిలిచి వాళ్లకూ వినిపిస్తాడు. కారు గలవాడికి ఇంతకుమించిన గౌరవం జూబ్లీహిల్స్‌లో దొరుకుతుందా?

ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టినవాడు నందు. వయసు ముప్పై రెండు. తండ్రి బుచ్చయ్యకు ఆ గల్లీలో ఇల్లు, ఇంటిని ఆనుకొని బర్రెల కొట్టం. కొట్టంలో పశువులను కట్టేసే గుంజలు ఎనిమిది. ఏడు గుంజలకు ఏడు బర్రెలు. ఎనిమిదో గుంజ దగ్గర, మూడేళ్లుగా, నందు పసుపు రంగు స్పోర్ట్స్ కారు. ఫంక్షన్ హాళ్లకు పెరుగు, పనీర్ సప్లై చేసి సొంతంగా కొనుక్కున్నాడు. అందులో ఇద్దరు కూర్చోవచ్చు. ఎక్కాలంటే నడుం వంచాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యందించాలి.

మూడేళ్లలో ఆ కారు అందుకున్న అత్యధిక వేగం ముప్పై ఎనిమిది. ఒక ఆదివారం పొద్దున సైదాబాద్ మెయిన్‌రోడ్డు మీద, దాదాపు నలభై సెకన్ల పాటు! పక్క సీట్లో ఉన్న భార్య వర్షిత ఆ స్పీడు ముల్లును ఫొటో తీసింది. ఇప్పటికీ నందు ఫోన్ తెరిస్తే మొదట కనబడేది ఆ ఫొటోయే, పెళ్లి ఫొటో తరువాతది.

అంతా బాగానే ఉండేది, ఆ బుధవారం రాకపోతే. నందు గల్లీ చివర ఒక ఆటో వెనక, ఆ ఆటో ఒక ఉల్లిగడ్డల బండి వెనక ఆగి ఉన్నారు. ఇంతలో కుడిపక్క సందులోంచి ఒక పాత బైకు, రెండు వైపులా రెండేసి పాల క్యాన్లు గణగణలాడిస్తూ, కారును దాటుకొని పోయింది. నడుపుతున్నది బుచ్చయ్య. అరవై ఆరేళ్ల మనిషి. కొడుకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

తెలివి తక్కువవాడైతే రోడ్డును తిట్టుకునేవాడు. నందు అలాంటివాడు కాదు. ఇంటికొచ్చి వర్షితతో ఒకే మాట అన్నాడు. "బండికి పికప్ సాలుతలేదు."

చూశారా, ఎంత గొప్ప ఆలోచనో! రోడ్డు మార్చడం మన చేతిలో లేదు, కారు మార్చడం మన చేతిలోనే ఉంది. రోడ్డు సంగతి చూసుకోవడానికి వేరే మనుషులున్నారు. పదహారేళ్ల కిందట ఏదో ఆఫీసు నుంచి వచ్చామని చెప్పి నలుగురు గల్లీలోకి దిగారు. గోడలన్నింటి మీదా ఎర్రరంగుతో గీతలు గీసి, నంబర్లు వేసి, రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. ఏ ఆఫీసో అప్పుడు ఎవరూ అడగలేదు. గీతలు వెలిసిపోయినప్పుడల్లా రంగు డబ్బాతో ఎవరో ఒకరు వచ్చి మళ్లీ దిద్దిపోతారు. ఆ ఒక్క పని మాత్రం వేళకు జరుగుతుంది.

ఇక ఆ గల్లీకి రద్దీ ఎక్కడిది? అదీ అభివృద్ధే! సైదాబాద్ మెయిన్‌రోడ్డు మీది సిగ్నల్ తప్పించుకోవాలంటే ఈ గల్లీలోంచి మార్కెట్ వైపు పడితే నాలుగు నిమిషాలు ఆదా అవుతాయని ఒకనాడు ఫోన్‌లో మ్యాపు చెప్పింది. అప్పటి నుంచి నగరంలో నాలుగు నిమిషాలు ఆదా చేసుకోదలచిన ప్రతి ఆటో, ప్రతి బైకూ అందులోంచే పోతున్నాయి. అందరూ కలిసి ఆ గల్లీలో ఇరవై నిమిషాలు నిలబడి, నాలుగు నిమిషాలు ఆదా చేసుకుంటారు.

దీనివల్ల బాగుపడినవాళ్లలో మొదట చెప్పాల్సింది నాగమణమ్మను. గల్లీకి మెయిన్‌రోడ్డు వైపు మొదటి ఇల్లు ఆమెది. భర్త పురుషోత్తం సేఠ్‌కు బట్టల హోల్‌సేల్ దుకాణం. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. ఆరేళ్ల కిందట మార్కెట్‌కు పోతుంటే ఒక బైకు హ్యాండిల్‌కు కొంగు చిక్కుకొని, కింద పడి, మణికట్టు విరిగింది. ఆనాటి నుంచి అరుగు దిగలేదు. మార్కెట్ రెండు వందల గజాల దూరం. కూరగాయలు ఎవరో ఒకరు తెచ్చిస్తారు, వాటిలో సగం పుచ్చులు. "ఆరేండ్లయింది బిడ్డా, నా చేతులతోని ఒక్క వంకాయ ఏరుకొని," అని అరుగు ముందు కారు ఆగినప్పుడల్లా నందుతో చెప్పుకునేది. ఆగిన కారు ఇరవై నిమిషాలు కదలదు కనుక నందు ఆ మాట ఎన్నోసార్లు పూర్తిగా విన్నాడు. ఊరికే అరుగు మీద కూర్చోబెట్టి ఎండకూ బేరాలకూ దూరంగా కాపాడుతున్న ట్రాఫిక్‌కు ఆమె ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పిందా? లేదు. మనుషులంతే.

సరే, నందు దగ్గరికి వద్దాం. జూబ్లీహిల్స్‌లో ఒక షోరూమ్‌లో ఎర్రకారు ఒకటి అతని కంట పడింది. ఒక చెయ్యి మారిందే గాని కొత్తదానిలా మెరుస్తోంది. ఆరు వందల గుర్రాల బలం! సున్నా నుంచి వందకు మూడే సెకన్లు! దసరా నాడు ఆ కారు తన ఇంటి ముందు నిలబడాలి, ఆయుధపూజ జరగాలి, మర్నాడు తెల్లారుతూనే ఔటర్ రింగురోడ్డు ఎక్కి ముల్లును రెండు వందలు తాకించాలి. ముప్పై ఎనిమిది ఫొటో తీసేసి రెండు వందల ఫొటో పెట్టుకోవాలి. నందు మనసులో ఇంకే కోరికా లేదు. దానికి పసుపు కారు అమ్ముడుపోవాలి, దసరా పన్నెండు రోజుల్లో ఉంది.

బుచ్చయ్యకు కొత్త కారు సంగతి చెబితే ఆయన ఒకటే ప్రశ్న అడిగాడు. కొనే ముందు బర్రె గురించి ఎవరైనా అడిగే ప్రశ్నే.

"ఎన్నిస్తది?"

"ఆరు, బాపు."

"పూటకా?"

"లీటరుకు ఆరు కిలోమీటర్లు."

బుచ్చయ్య వేళ్ల మీద లెక్క వేశాడు. "అంటె తాగుడే గని ఇచ్చుడు లేదన్నట్టు," అని లేచి దాణా కలపడానికి పోయాడు. వద్దనలేదు. ఆయన దృష్టిలో అది అనుమతి.

పసుపు కారు కొనేవాడు దూరాన లేడు. నాగమణమ్మ మనవడు అక్షయ్‌కు మూడేళ్లుగా దాని మీదే కన్ను. కుర్రవాళ్లిద్దరి ఇళ్లకూ మధ్య దూరం మూడిళ్లే, అయినా వారం రోజులు వాట్సాప్‌లోనే బేరమాడారు. వాయిస్ మెసేజీలు పంపుకున్నారు. బొమ్మలు పంపుకున్నారు. ధర మాత్రం తెగలేదు.

ఇలా కాదని బుచ్చయ్య ఒక సాయంత్రం భుజాన తువ్వాల వేసుకొని పురుషోత్తం సేఠ్ అరుగు ఎక్కాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తువ్వాల చేతుల మీద కప్పుకున్నారు. పశువుల సంతలో బేరం అట్లాగే జరుగుతుంది, నోరు మెదపరు, తువ్వాల కింద వేళ్లు పట్టుకొని ధర చెబుతారు. సేఠ్ కూడా వెనకటి కాలంలో బట్టల బేరాలు అలాగే చేసినవాడు. నందు, అక్షయ్ ఎదురుగా నిలబడి తువ్వాలనే చూస్తున్నారు. అది రెండుసార్లు కదిలింది. మూడోసారి ఇద్దరు ముసలాళ్లూ నవ్వారు. బేరం కుదిరిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని అమ్మే పశువు గుణాలన్నీ కొనేవాడికి చెప్పకపోతే బుచ్చయ్యకు అన్నం సయించదు. అందుకని వరసగా చెప్పాడు. "పొద్దుగాల జల్ది చేపదు సేఠ్, రెండు మూడుసార్లు బుదగరియ్యాలె. వానకాలం మొండికేస్తది. కొత్తోళ్లు చెయ్యేస్తె గల్లీ లేచెటట్టు ఒర్లుతది." చేపడమంటే బర్రె పాలు దించడం, బుదగరించడమంటే బుజ్జగించడం. నందు తల పట్టుకొని కూలబడ్డాడు. సేఠ్ మాత్రం ముచ్చటపడిపోయాడు. మొబైల్‌లో అమ్మేవాళ్లలో ఒక్కడైనా ఇంత నిజాయితీగా చెబుతాడా అని మనవడిని మందలించాడు.

కాగితాల మీద సంతకాలు అయ్యాయి. నందు రెండు తాళంచెవులు తీశాడు. బుచ్చయ్య ఒకటి అక్షయ్ చేతిలో పెట్టి, రెండోది తన బొడ్లో దోపుకున్నాడు.

అక్షయ్ నోరు తెరిచాడు. రెండో తాళంచెవి లేకపోతే రేపు కారు పోయినా ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరని మొత్తుకున్నాడు. బుచ్చయ్య శాంతంగా విన్నాడు.

"పశువునిస్తం గని పలుపియ్యం, బిడ్డా. పలుపు పోతె గుంజ పాడుపడ్తది. ఆడ మల్ల ఏ పశువు నిలువది."

అమ్మిన బర్రెను తోలిస్తారు, మెడకున్న తాడు మాత్రం విప్పుకొని ఉంచుకుంటారు. కొనేవాడు తన తాడు తాను తెచ్చుకుంటాడు. బుచ్చయ్య తండ్రి అట్లాగే చేశాడు, తాత అట్లాగే చేశాడు. కారుకు తాడు లేదు, అందుకని తాళంచెవి. ఇందులో అర్థం కానిదేముంది? సేఠ్ "మూడిండ్ల అవతలనే ఉంటది గదరా," అని మనవడి నోరు మూయించాడు. రెండో తాళంచెవి ఎనిమిదో గుంజకు వేలాడింది. పసుపు కారు నలభై గజాల దూరం ప్రయాణించి కొత్త యజమాని ఇల్లు చేరింది. పదకొండు నిమిషాలు పట్టింది.

దసరా పొద్దున నందు, బుచ్చయ్య ఎర్రకారు తేవడానికి జూబ్లీహిల్స్ పోయారు. బుచ్చయ్య కొత్త పలుపు ఒకటి కొని చంకలో పెట్టుకొని మరీ వచ్చాడు. షోరూమ్ వాళ్లు ఆ తాడును చూసి, లాగడానికేమో అనుకొని, బండి కండిషన్‌లోనే ఉందని హామీ ఇచ్చారు. నందు లోపల సంతకాలు పెడుతున్నాడు. టై కట్టుకున్న అమ్మకాల మనిషి ఎర్ర డబ్బా తెరిచి రెండు తాళంచెవులూ బుచ్చయ్య చేతిలో పెట్టాడు.

బుచ్చయ్య ఒకటి తీసుకొని రెండోది తిరిగి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. ఎదుటివాడి గుంజ పాడుచేసే మనిషి కాదాయన. "మీ పలుపు మీ తాననే ఉండాలె, సార్," అన్నాడు. ఆ మనిషికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వి, దండం పెట్టి, తాళంచెవి సొరుగులో వేసి, సొరుగు మూసి, పండక్కి ఊరికి పోయాడు. షోరూమ్‌కు నాలుగు రోజులు సెలవు.

ఎర్రకారు నగరమంతా దాటుకొని గల్లీ మొదట్లోకి వచ్చేసరికి పదకొండు దాటింది. ఒకవైపు పురుషోత్తం సేఠ్ గోడ, గోడ మీద ఎర్రగీత. ఇంకోవైపు కరెంటు స్తంభం. కారు మధ్యలో దూరింది. అటు ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది, ఇటు ఒక పిల్లి పట్టేంత. ముందు ఆటోలు ఆగి ఉన్నాయి కనుక అక్కడే నిలిచింది. నందు కిటికీలోంచి తల బయటపెట్టి గర్వంగా చూశాడు.

తల్లి శారదమ్మ అప్పటికే హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. ఇల్లు చేరేదాకా ఆగితే మంచి గడియ దాటిపోతుందని, పూజ అక్కడే కానిద్దామంది. నందు కారు ఆపి, మనిషి పట్టే వైపు నుంచి ఎలాగో దిగి, తాళంచెవిని పళ్లెంలో పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగాడు.

ఆ ఇంట్లో కొత్త పశువు వస్తే మొదట కొమ్ములకు పాలు తాకిస్తారు. శారదమ్మ కారు చుట్టూ చూసింది, కొమ్ములు కనబడలేదు. పళ్లెంలో తాళంచెవి కనబడింది. ఇత్తడి గిన్నెడు చిక్కటి బర్రెపాలలో చిటికెడు పసుపు కలిపి, తాళంచెవిని అందులో ముంచి, కళ్లు మూసుకొని, ఇంటి దేవుళ్లందరి పేర్లూ ఒక్కటీ వదలకుండా తలుచుకుంది. ఇంటి దేవుళ్లు చాలామందే ఉన్నారు.

నందు లేచి నిలబడేసరికి కారు అద్దాలు తమంతట తామే పైకి లేచి, తలుపులకు తాళం పడింది. పాలలోంచి తీసిన తాళంచెవిని నొక్కాడు. ఏమీ జరగలేదు. తుడిచి నొక్కాడు. ఊది నొక్కాడు. మీట సందులోంచి ఒక పాల బుడగ వచ్చి పగిలింది.

"ఫికర్ ఏంది, ఇంకొకటుంటది గద," అంది వర్షిత. అందరూ బుచ్చయ్య వైపు చూశారు. ఆయన చంకలో కొత్త పలుపుతో నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నందు అక్కడే, చక్రం పక్కన, నిమ్మకాయ మీద కూర్చున్నాడు.

తాళంచెవిని బియ్యం డబ్బాలో పెట్టారు. బియ్యం పులిసిన వాసన కొట్టింది గాని తాళంచెవి బతకలేదు. లాగేసే బండివాడు వచ్చి వంగి చూసి, కింద రెండు వేళ్ల జాగా కూడా లేదు, కొక్కెం వేస్తే బంపర్ ఊడుతుందన్నాడు. గీత పడితే తన ప్రాణమే పోతుందని నందు అడ్డం పడుకున్నంత పని చేశాడు. ఆరు వందల గుర్రాలు నాగమణమ్మ అరుగు ముందు కదలకుండా నిలబడిపోయాయి.

మొదటి రోజు గల్లీలో మస్తు లొల్లి అయింది. ఆటోవాళ్లు తిట్టారు, బైకులవాళ్లు హారన్లు కొట్టారు, ఒక్కొక్కరే వెనక్కి మళ్లారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఫోన్‌లో మ్యాపు ఓడిపోయింది. దూద్‌ఖానా గల్లీ మూసేసినట్టు చూపించి, అందరినీ సిగ్నల్ దగ్గరికే పంపించింది.

ఆ తరువాత ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. గల్లీలో చప్పుడు లేదు. బుచ్చయ్య బర్రెలు చెవులు రిక్కించి, ఏదో తేడా జరిగిందని పూటకు ఒక లీటరు ఎక్కువ ఇచ్చాయి. ఎవరో బానెట్ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టారు. నందు, వర్షిత పెళ్లయ్యాక మొదటిసారి గల్లీలో పక్కపక్కన నడిచారు. అంతవరకు ఒకరి వెనక ఒకరు, గోడకు అతుక్కొని నడిచేవారు. మెయిన్‌రోడ్డు చేరాక నందు అలవాటుగా టైము చూసుకున్నాడు. పసుపు కారులో పన్నెండు నిమిషాలు పట్టే దూరం, ఇంటి దగ్గర నుంచి అక్కడికి, నిమిషమున్నర! బండి మారిస్తే వేగం పెరుగుతుందన్నాడా లేదా? పెరిగిందా లేదా?

మూడో రోజు పొద్దున నాగమణమ్మ అరుగు అంచు దాకా వచ్చి, రెండు వైపులా చూసింది. ఒక కాలు కింద పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది. గోడ పట్టుకోకుండా, గల్లీ నడిమధ్య నుంచి, సంచి ఊపుకుంటూ మార్కెట్‌కు పోయింది. రెండు గంటల దాకా రాలేదు. పురుషోత్తం సేఠ్ కంగారుపడి ఎదురుపోతే, వంకాయల గంప ముందు గొంతుకూర్చొని, ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకుంటోందట. ఆ రోజు వాళ్ల ఇంట్లో గుత్తివంకాయ. నందు ఇంటికీ ఒక గిన్నె వచ్చింది. పుచ్చు ఒక్కటి లేదు.

పదహారేళ్లుగా ఎర్రరంగు గీతలు చేయలేని పని ఎర్రరంగు కారు చేసింది! వెడల్పు కావాలని గల్లీ వాళ్లు పెట్టుకున్న అర్జీలు పద్నాలుగు. ఇప్పుడు తేలిందేమిటి? గల్లీ వెడల్పుగానే ఉంది. మనుషులకు సరిపోయేంత ఉంది. కాబట్టి నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను. ప్రతి గల్లీకీ ఒక మూడు వందల స్పీడు కారు తప్పనిసరి చేయాలి, అది కదలకూడదు.

ఐదో రోజు షోరూమ్ తెరిచారు. బుచ్చయ్య పాలు పోసి, అదే బైకు మీద జూబ్లీహిల్స్ పోయి, పది గంటలకల్లా తిరిగొచ్చాడు. వాళ్ల గుంజ పాడుపడుతుందేమోనని బదులుగా కొత్త పలుపు వాళ్ల సొరుగులో పెట్టి వచ్చాడు.

గల్లీ అంతా గుమిగూడింది. నందు వడియాల చీర జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. మీట నొక్కాడు, దీపాలు వెలిగాయి. లోపల కూర్చొని ఇంజను ఆన్ చేశాడు. ఆరు వందల గుర్రాలు ఒక్కసారి అరిచేసరికి కొట్టంలో బర్రెలు గుంజలు పెరికినంత పని చేశాయి. రెండు వందల ముల్లు అతని కళ్ల ముందే ఉంది. ఔటర్ రింగురోడ్డు గంటన్నర దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడే వెనక మెయిన్‌రోడ్డు మీద ఒక ఆటో హారన్ కొట్టింది. దాని వెనక ఇంకొకటి. వాటి వెనక బైకులు. ఇంజను చప్పుడు మ్యాపుకు ఎట్లా వినబడిందో దేవుడికే తెలియాలి.

గల్లీ నడుమ నాగమణమ్మ ఖాళీ సంచితో నిలబడి ఉంది. మార్కెట్‌కు బయల్దేరినట్టుంది. హారన్లు వినగానే వెనక్కి తిరిగి, గోడ పట్టుకొని నడిచి, అరుగెక్కి, తన పాత చోట కూర్చుంది. సంచి మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆ మడవడం నందు కిటికీలోంచి చూశాడు. కారు సరిగ్గా ఆమె ముందే ఉంది. ఆమె వంగి కిటికీలోకి చూసింది.

"బిడ్డా, ఆ తాళంచెవిని ఇంకో నాలుగు రోజులు పాలల్లనే ఉంచరాదు?"

నందు ఇంజను ఆపేశాడు. తాళంచెవి పట్టుకొని దిగి, తల్లి ఎక్కడుందా అని చూశాడు. శారదమ్మ అప్పటికే ఇత్తడి గిన్నె కడుగుతోంది.